హాల్లో అలమర: పాటించి తీరవలసిన నియమాలు

తొమ్మిది నెలల పిల్లాడున్న ఇంట్లో బొమ్మలు పెట్టే మోకాలెత్తు చెక్క అలమర లేకపోవడం బాధ్యతారాహిత్యం. ఈ విషయంలో నాది కఠినమైన వైఖరి. పిల్లాడి మెదడు గంటగంటకీ ఎదిగిపోతుంటే ఇంట్లోవాళ్లు ఇంకా గిలక్కాయ దగ్గరే ఆగిపోతే ఎలా?

ముందు హాలు ఖాళీ చెయ్యాలి. సోఫా గోడకి జరగాలి, టీపాయి మంచం కిందకి దూరాలి, తాతగారి పడక్కుర్చీ బాల్కనీలోకి పోవాలి. కుర్చీతోపాటు తాతగారూ పోతారు. అభివృద్ధి అన్నాక నిర్వాసితులు తప్పరు. నేల మీద ఫోమ్ పలకలు పరవాలి, వాటి మీద ఇంగ్లీషు అక్షరాలు ఉండి తీరాలి. పిల్లాడు ముందుగా ఏ అక్షరాన్ని పీకి కొరికాడో తేదీతో సహా రాసిపెట్టుకుంటే ఎంసెట్ కౌన్సెలింగ్ నాడు అక్కరకొస్తుంది.

ఇక అలమర. పిల్లల చదువుకి కొత్త పద్ధతి పెట్టిన ఇటలీ డాక్టరమ్మ మరియా మాంటిసోరి 1907లో రోములోని శాన్ లొరెంజో అనే పేదల పేటలో, కూలీల పిల్లల కోసం తన మొదటి బడి తెరిచింది. వస్తువులు పిల్లల చేతికందే ఎత్తులో ఉండాలంది. 1939లో మద్రాసు అడయారుకి వచ్చి మన టీచర్లకి శిక్షణ కూడా ఇచ్చింది. ఆవిడ చెప్పిన ఎత్తు మనం తూచా తప్పకుండా పాటిస్తున్నాం. కూలీల పిల్లల సంగతి మాత్రం అలమర ఖరీదు చూశాక ఎవరూ ఎత్తరు.

అందులో ఎన్ని బొమ్మలుండాలి? అమెరికాలో టొలీడో విశ్వవిద్యాలయం వాళ్లు ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల పిల్లల ముందు ఒకసారి 4 బొమ్మలు, ఇంకోసారి 16 పెట్టి చూశారు. 4 ఉన్నప్పుడే ఒక్కోదానితో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారని 2018లో ప్రచురించారు. ఇది చదివిన తల్లిదండ్రులు వెంటనే మేలుకొని, నలభై బొమ్మలు కొని, వారానికి నాలుగు చొప్పున బయటపెట్టి, మిగతావి దాచడానికి రెండో అలమర కొన్నారు. దీన్నే రొటేషన్ అంటారు. ఆదివారం పొద్దున్నే తండ్రి ఎక్సెల్ షీటు తెరుచుకుని కూర్చుంటే ఇంట్లో ఎవరూ గట్టిగా దగ్గకూడదు.

రంగు దగ్గర మొహమాటం వద్దు, అన్నీ లేత గోధుమరంగు చెక్కవే కొనాలి. ఏటికొప్పాక లక్కబొమ్మ మంచిది కాదా అంటారు. మంచిదే. వరాహ నది ఒడ్డున అంకుడు కర్రని లేతు మీద తిప్పి, చెట్టూచేమల రంగులు లక్కలో కలిపి ఎక్కిస్తారు. 2017లో, ఫలానా ఊరి సరుకని చాటే జీఐ గుర్తింపు కూడా వచ్చింది. కానీ ఎర్రగా, పసుప్పచ్చగా అలా మెరిసిపోతుంటే ఫొటోలో కర్టెన్‌తో ఎలా నప్పుతుంది?

మెట్ల మీద బొమ్మలు తీర్చి, పిల్లల్ని "ముట్టుకోకు" అని కసిరి, పేరంటాళ్లకి చూపించడం మనకేమీ కొత్త కాదు. దసరాకో సంక్రాంతికో కొలువు తీర్చి, మళ్లీ పెట్టెలో సర్దేసేవాళ్లం. ఇప్పుడది ఏడాది పొడుగునా ఉంటుంది. పేరంటాళ్లు వాట్సాప్ స్టేటస్‌లోకే వచ్చి చూసి పోతారు, శనగలు నానబెట్టే పని లేదు.

మేనమామ తెచ్చిన, పిల్లాణ్ణి కూర్చోబెట్టి నడిపించే చక్రాల వాకరుని మాత్రం ఎవరూ ప్రశ్నించకూడదు. పిల్లలు దెబ్బలు తగిలించుకుంటున్నారని కెనడా 2004లో దాన్ని నిషేధించింది. కెనడాకి మేనమామల మర్యాదలేం తెలుసు!

మెదడుకి అసలు మందు బంతి పెట్టె. పైన చిల్లు, కింద పళ్లెం. బంతి వేస్తే మాయమై, మళ్లీ దొర్లుకుంటూ వస్తుంది. కనబడకపోయినా వస్తువు ఎక్కడికీ పోలేదని పిల్లాడికి అర్థం కావాలని దీని ఉద్దేశం. నాన్నమ్మ చీర చెంగు మొహం మీద వేసుకుని "నాన్నమ్మేదీ? ఇదిగో!" అంటూ రోజూ చెప్పే పాఠం ఇదే. కాకపోతే నాన్నమ్మకి వారంటీ లేదు, స్టార్ రేటింగ్ అసలే లేదు.

ఇంత చేశాక వాడు వంటింట్లోకి పాకి, కింది అర తలుపు లాగి, ఇడ్లీ రేకులు వాయిస్తుంటాడు. పట్టించుకోకండి. అన్నప్రాశన నాడు పుస్తకం, కలం, బంగారం అన్నీ దాటుకుని పోయి పంతులుగారి సంచి పట్టుకున్న ఘనుడు, ఎంపిక విషయంలో వాడి ఓటు చెల్లదు. తండ్రి చెప్పుల మీద వాడికున్న మమకారం వేరే సంగతి. వాటిని రొటేషన్‌లో చేర్చాలా వద్దా అన్నది పరిశీలనలో ఉంది. ఆ విషయం తేలేవరకు కుడికాలిది దాచేసి, ఎడమకాలిది కడిగి ఇవ్వవచ్చు.