మూయకుండా మూసే సౌకర్యానికి మద్దతుగా

పని ముగించి లేవడమనే పాతకాలపు అలవాటును మనచేత మాన్పించిన ఘనత ఎవరికి దక్కాలని ఎవరైనా అడిగితే, టెక్స్ట్ ఎడిటర్లలోని, అంటే ఉత్త అక్షరాలు రాసుకునే ప్రోగ్రాములలోని, సెషన్ పునరుద్ధరణ సౌకర్యానికే దక్కాలని ఈ వ్యాసకర్త నిస్సంకోచంగా సిఫారసు చేస్తున్నాడు. నిన్న ఎక్కడ వదిలేశామో నేడు అక్కడే తెరుచుకుంటుందన్న భరోసా దొరికిన నాటి నుంచి, దేన్నీ పూర్తి చేయవలసిన అగత్యం మనకు లేకుండా పోయింది.

1985లో విండోస్ తొలి విడుదలతో పాటు వచ్చిన నోట్‌ప్యాడ్, మూయబోయేముందు మార్పులను సేవ్ చేయాలా అని అడిగేది. పొద్దంతా రాసిన రాతకు విలువ ఉన్నదో లేదో, హన్మకొండ చౌరస్తాలో బస్సు దొరికే వేళకు, బ్యాగు భుజాన వేసుకున్నాక తేల్చి చెప్పమనడం ఎంత నిర్దయో అప్పట్లో ఎవరూ ఆలోచించలేదు. 2023లో విండోస్ 11 నోట్‌ప్యాడ్ ఆ ప్రశ్న అడగడం మానుకున్నది. కిటికీ మూస్తే కిక్కురుమనకుండా మూసుకుంటుంది, మళ్లీ తెరిస్తే సేవ్ చేయని రాతలన్నీ యథాతథంగా కనిపిస్తాయి. ఒక్కొక్క ట్యాబును విడిగా మూయబోతే మాత్రం పాత ప్రశ్న ఇంకా ఎదురవుతుంది. అందుకే బుద్ధిమంతులెవరూ ట్యాబు జోలికి పోరు.

పాత తరం ఎడిటర్లకు ఇంతటి ఔదార్యం లేదు. విమ్ అనే ఎడిటర్‌లో సెషన్‌ను, అంటే పని ఉన్న స్థితిని, దాచుకోవాలంటే ఎంకే సెషన్ అనే ఆదేశాన్ని మనిషే పనిగట్టుకుని టైపు చేయాలి. అప్పుడది తెరిచి ఉన్న ఫైళ్ల పేర్లు, కిటికీల అమరిక, కర్సర్ నిలిచిన వరుస మొదలైనవన్నీ ఒక ఫైలులో శ్రద్ధగా రాసిపెడుతుంది గానీ, సేవ్ చేయని అక్షరాల ఊసే ఎత్తదు. అరుగునూ వాకిలినీ గడపనూ గుర్తుపెట్టుకుని ఇంటాయన పేరు మరిచిపోయిన చుట్టం వంటిదన్నమాట. ఫైలు డిస్కు మీద నుంచి మాయమైనా, అదే పేరుతో ఖాళీ బఫరు (తెరమీది తాత్కాలిక కాగితం) తెరిచి మర్యాద కాపాడుకుంటుంది. అక్షరాల పూచీ స్వాప్ ఫైలు అనే వేరే తాత్కాలిక నకలుది; అది కూడా మామూలుగా 200 అక్షరాలు కొట్టాకనో, 4 సెకన్లు చేయి ఆగాకనో గానీ డిస్కుకు ఎక్కదు. ఈమాక్స్ అనే మరో ఎడిటర్‌లోనైతే సెషన్‌ను దాచే డెస్క్‌టాప్ సేవ్ మోడ్‌ను మనమే ఆన్ చేసుకోవాలి, పైగా అదే డెస్క్‌టాప్ ఫైలును మరో ఈమాక్స్ వాడుతున్నదని అనుమానం వస్తే విచారణ కూడా ఎదుర్కోవాలి. కావాలో వద్దో మనిషి చెప్పగలడని నమ్మిన అమాయకపు కాలమది.

ఇక నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అనే వేరే ఎడిటర్ విషయానికి వస్తే, అది మనను ఏమీ అడగకుండా 7 సెకన్లకొకసారి సేవ్ చేయని రాతకు నకలు తీసిపెడుతుంది. ఈ సౌకర్యం పరిపూర్ణంగా వికసించిన చోటు చూడాలంటే హన్మకొండలో ఏదైనా డీటీపీ దుకాణానికి వెళ్లాలి. వాట్సాప్‌లో వచ్చిన మాటరును ఆపరేటరు ముందు అందులో అతికించి, తప్పులు దిద్ది, అక్కడి నుంచి పేజీలోకి తీసుకుపోతాడు. అతికించిన ట్యాబు అక్కడే ఉండిపోతుంది. ట్యాబుల వరుస తెర దాటిపోయి, చివరన ఉన్న చిన్న బాణం గుర్తును పదేపదే నొక్కితే గాని కొస కనిపించదు, ప్రతి ట్యాబు మీదా సేవ్ కాలేదని చెప్పే ఎర్ర ఫ్లాపీ బొమ్మ ఉంటుంది. పేరు పెట్టని ట్యాబుకు ఎడిటరే న్యూ అని వరుస నంబరు వేస్తుంది; న్యూ 14లో ఒక జంట పెళ్లి పత్రిక ఉన్నది. న్యూ 52లో అదే జంట బిడ్డకు తొట్టెల కార్డు ఉన్నది. పెళ్లయింది, బిడ్డ పుట్టింది, కార్డులు పంచడమూ అయిపోయింది. ఎడిటర్ దృష్టిలో మాత్రం ఆ పెళ్లి ఇంకా ఖాయం కాలేదు.

ఓరుగల్లు వాసులకు ఈ విధానం కొత్తదేమీ కాదని ఇక్కడ మనవి చేయాలి. 1980లలో కాజీపేటకు వస్తుందనుకున్న రైలు కోచ్ ఫ్యాక్టరీ పంజాబ్‌లోని కపుర్తలాకు వెళ్లిపోయింది. ఆ సెషన్ మాత్రం ప్రతి ఎన్నికకూ అదే వరుసలో కర్సర్ మెరుస్తూ తెరుచుకుంటూనే వచ్చింది. 2014 విభజన చట్టంలో పరిశీలిస్తామన్న మాటగా ఒకసారి తెరిచారు, 2023 జులైలో వ్యాగన్ల తయారీ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. సాంకేతికంగా చూస్తే రెండోదాన్ని పునరుద్ధరణ అనరాదు, సేవ్ యాజ్ అనాలి.

సెషన్ పునరుద్ధరణ మనుషులను సోమరులను చేస్తున్నదని గిట్టనివారు అంటారు. ఇది అన్యాయం. కరెంటు పోయి పని పోకూడదని తెచ్చుకున్న ఏర్పాటును, పని తెమలకూడదని వాడుకోవడానికి ఎంతో ఓపిక కావాలి. సేవ్ చేస్తే ఫైలుకు పేరు పెట్టాలి, పేరు పెట్టాలంటే అదేమిటో తెలియాలి, తెలిస్తే ఉంచాలో తీసేయాలో తేల్చాలి. న్యూ 52 అనే పేరుతో ఈ మూడు కష్టాలూ ఒకేసారి తీరిపోతున్నాయి.

ఒక్క చిన్న సంగతి మాత్రం పాఠకుల దృష్టికి తేవాలి. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ తీసిపెట్టే ఆ నకళ్లన్నీ ఉండే బ్యాకప్ ఫోల్డరు సాధారణంగా సీ డ్రైవులో, మామూలుగా కంటికి కనిపించని యాప్ డేటా అనే ఫోల్డరు లోపల ఉంటుంది. మన దుకాణాల్లో సిస్టమ్ నెమ్మదించిందంటే సీ డ్రైవును పూర్తిగా తుడిచేసే ఫార్మాట్ కొట్టించడం ఆనవాయితీ. రిపేరు చేసే కుర్రాడు వచ్చి, పెన్‌డ్రైవు గుచ్చి, ధర్మం ప్రకారం ఒక్క మాట అడుగుతాడు: "అన్నా, సీ డ్రైవుల ఏమన్న పనికొచ్చేది ఉన్నదా?"

"ఏం లేదు తమ్మీ, మనయన్నీ డీలనే ఉన్నయ్. కొట్టు."

అరగంటలో పెండింగు పనులన్నీ ఒక్కటి మిగలకుండా పరిష్కారమవుతాయి. ఇంత వేగంగా ఫైళ్లు కదిలే పద్ధతిని కలెక్టరేట్లలో కూడా ప్రవేశపెట్టవచ్చునేమో సంబంధిత అధికారులు పరిశీలించాలి.