ఓబద్యా: పుట్టుకతో కాదు, ఆరాధనతో వచ్చే పేరు

మన తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో ఓబద్యా అన్న పేరు అప్పుడప్పుడూ వినిపిస్తుంది. అర్థం అడిగితే 'యెహోవా సేవకుడు' అంటారు. తప్పు లేదు గానీ, అక్కడితో ఆగిపోతే ఈ పేరుకు అన్యాయం చేసినట్టే.

హీబ్రూలో ఇది రెండు ముక్కల పేరు. చివరనున్న 'యా' యెహోవా నామానికి పొట్టి రూపం. ముందున్నది 'అవద్' అనే ధాతువు. ఆదికాండంలో ఆదాము తోటను సేద్యం చేయడానికీ ఇదే ధాతువు, ఐగుప్తులో ఇశ్రాయేలీయులు చేసిన వెట్టిచాకిరీకీ ఇదే. 'నన్ను సేవించడానికి నా ప్రజలను పోనివ్వు' అని మోషే ద్వారా దేవుడు ఫరోను అడిగినప్పుడూ అదే మాట. అంటే చాకిరీ, ఆరాధన రెండూ ఒకే మాటలో ఉన్నాయి. తేడా అంతా ఎవరికి చేస్తున్నామన్న దాంట్లోనే. అరబీలో అబ్దుల్లా అన్న పేరు కూడా ఈ ధాతువు బంధువే. (రాయలసీమ ఓబులేసుకు మాత్రం దీంతో చుట్టరికం లేదు, అది అహోబిలం నుంచి వచ్చింది.)

బైబిల్లో ఈ పేరుగలవాళ్లు చాలామందే ఉన్నారు. ఇశ్రాయేలుకు పొరుగు దేశమైన ఏదోముపై తీర్పు ప్రకటించిన ప్రవక్త గ్రంథం 21 వచనాలే, హీబ్రూ బైబిల్లో అన్నిటికన్నా చిన్నది. నాకు మాత్రం మొదటి రాజుల గ్రంథం 18వ అధ్యాయంలోని ఓబద్యా ముఖ్యం. ఆయన అహాబు రాజుకు గృహనిర్వాహకుడు. రాణి యెజెబెలు యెహోవా ప్రవక్తలను చంపిస్తుంటే వందమందిని గుహల్లో, గుహకు యాభైమంది చొప్పున దాచి, అన్నపానాలిచ్చి పోషించాడు. కరువు రోజుల్లో, రాజు ఉప్పు తింటూనే! ప్రవక్త ఏలీయా ఎదురుపడి 'నేనిక్కడున్నానని రాజుకు చెప్పు' అంటే వణికిపోయాడు. ఆ భయం ఉండి కూడా చేశాడు కాబట్టే ఆ పేరు ఆయనకు సరిపోయింది.

ఈ ఓబద్యాయే ఆ ప్రవక్త అనీ, పుట్టుకతో ఏదోమీయుడనీ, తర్వాత యూదు మతంలోకి వచ్చాడనీ యూదుల ధర్మగ్రంథమైన తల్మూదు చెబుతుంది. చరిత్రగా నిరూపించలేకపోయినా ఆ సంప్రదాయానికి బలం ఉంది. మధ్యయుగంలో యూదు మతం స్వీకరించినవాళ్లు కొందరు ఈ పేరే పెట్టుకున్నారు. దక్షిణ ఇటలీలోని ఒప్పిదోలో పుట్టిన జొహన్నెస్ అనే నార్మన్ 1102లో మతం మారి ఓబద్యా అయ్యాడు. హీబ్రూ ప్రార్థనా గీతాలకు మనకు దొరికిన అతి పాత స్వరలిపి ఆయన చేత్తో రాసిందే, కైరో గెనిజాలో, అంటే అక్కడి యూదు ప్రార్థనా మందిరంలో పాత రాతప్రతులు దాచిన గదిలో, బయటపడింది. మన కంచర్ల గోపన్న రామదాసు అయినట్టే, ఇదీ భక్తితో వచ్చిన పేరే.

అదే 12వ శతాబ్దంలో మతం మారిన మరో ఓబద్యా, యూదు పండితుడు మైమోనిడిస్‌కు ఒక ప్రశ్న రాశాడు. ప్రార్థనలో 'మా పితరుల దేవా' అని నేను అనొచ్చా? పుట్టుకతో యూదుడు కానివాడి మనసులో ఉండే అసలు టెన్షన్ అదే. మైమోనిడిస్ ఏమాత్రం తటపటాయించలేదు. ఒక్క మాట కూడా మార్చకుండా అలాగే ప్రార్థించమన్నాడు, నీ వంశాన్ని నువ్వు చిన్నచూపు చూడొద్దన్నాడు. మా వంశం అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులది అయితే, నీ వంశం మాటతో లోకాన్ని కలిగించినవాడిదే అని జవాబు రాశాడు.