సవరణ: డెన్మార్క్ జెండా ఆకాశం నుంచి పడలేదు

ఎరుపు మీద తెల్ల శిలువ ఉండే డెన్మార్క్ జెండా ‘డాన్నెబ్రో’ మీద పోయిన వారం పెట్టిన పోస్టులో తప్పులు దొర్లాయి. 1219 జూన్ 15న ఎస్టోనియాలో, ఇప్పటి తాలిన్ దగ్గర, రెండో వాల్డెమార్ రాజు సేన ఓడిపోతుంటే ఈ జెండా ఆకాశం నుంచి జారిపడిందని, కళ్లారా చూసినట్టే రాసేశాను. దండయాత్ర నిజమే. జెండా పడటం మాత్రం కథ. అది రాతలోకి ఎక్కింది 16వ శతాబ్దం మొదట్లో, అంటే దాదాపు 300 ఏళ్ల తర్వాత.

చేతికి చిక్కే పాత ఆధారం 14వ శతాబ్దపు గెల్రె రాజచిహ్నాల పుస్తకం. అందులో డెన్మార్క్ రాజు డాలు మీద మూడు నీలి సింహాలు, పక్కనే ఎర్ర గుడ్డపై తెల్ల శిలువతో చిన్న పతాకం. బొమ్మ బుల్లిదే, కానీ కథ కన్నా గట్టిది.

ఎరుపంటే అమరుల రక్తం అన్న మాటా వెనక్కి తీసుకుంటున్నాను. అది నా కవిత్వం! అప్పట్లో పవిత్ర రోమన్ సామ్రాజ్యపు యుద్ధ పతాకం కూడా ఎరుపు మీద తెల్ల శిలువే.

ఇంకొకటి: ‘ఇంటింటా ఎప్పటినుంచో ఎగురుతోంది’ అన్నాను. మామూలు జనానికి ఈ జెండా ఎగరేసే అనుమతి వచ్చింది 1854లో. పాత పోస్టులో ఆ మూడు వాక్యాలూ కొట్టేశాను.