రావు గారులపాలెం

మా తాతయ్య హయాంలో ఒక శుభలేఖ మీద ‘గారు’ రాయడం మర్చిపోయారని ఒక పెద్దమనిషి విస్తరి ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడట. నలభయ్యేళ్ళ కిందటి మాట. ఆ విస్తరిలో అప్పటికి ఏమేం వడ్డించి ఉన్నాయో మా అత్తయ్య ఇప్పటికీ వరసగా చెబుతుంది. అందుకే మావయ్య కూతురి పెళ్ళి కుదిరి, శుభలేఖలు అచ్చయి అక్కయ్యపాలెంలో వాళ్ళింటికి రాగానే ఆయన నాకు ఫోన్ చేసి అన్న మొదటి మాట: "ఒరే, అడ్రసుల మీద గారు తప్పకూడదు. నువ్వు కంప్యూటర్లో ఏదో చేస్తావు కదా, ఆ ఏదో చేసెయ్."

నేను రుషికొండ వైపు ఒక ఆఫీసులో పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పైథాన్ అనే కంప్యూటర్ భాషలో స్క్రిప్టులు రాస్తాను. "రెండు నిమిషాల పని మావయ్యా" అన్నాను. ప్రోగ్రామర్ నోట ఈ మాట వినగానే జనం చెప్పులేసుకుని పారిపోవాలి, కానీ ఈ విషయం మావయ్యకి ఎవరూ చెప్పలేదు.

ఆయన ఎక్సెల్లో 420 పేర్లు టైపు చేసి ఉంచాడు, ఒక్కో మనిషి ఒక్కో గడిలో, పేరూ ఊరూ అన్నీ కలిపి. "అప్పయ్య, అక్కయ్యపాలెం". కొందరికి గారు ఉంది, కొందరికి లేదు, ఇంటిపేరు ఎవరికీ లేదు. "ఇంటిపేరెందుకురా, వాళ్ళెవరో వాళ్ళకి తెలీదేటి?" అన్నాడు. సరే అన్నాను.

మొదటి దెబ్బ ఎక్సెల్ కొట్టింది. స్క్రిప్టు రాసిన ఫైలుని డబుల్ క్లిక్ చేస్తే అప్పయ్యా లేడు, అప్పారావూ లేడు. నెత్తిన టోపీలు పెట్టుకున్న ఇంగ్లిష్ ‘ఏ’లు, మధ్యమధ్యలో వేడి కొలిచే డిగ్రీ సున్నాలు. వెనక నించున్న మావయ్య కళ్ళజోడు సర్దుకుని "ఇదేటిరా, కన్నడమా?" అన్నాడు. ఫైలు మొదట్లో 3 బైట్ల గుర్తు ఒకటి లేకపోతే ఎక్సెల్ దాన్ని తెలుగు లాంటి లిపులు పట్టే యూటీఎఫ్-8 కోడ్ అనుకోదు, పాతకాలపు ఇంగ్లిష్ కోడ్ అనుకుని చదివేస్తుంది. ఎన్‌కోడింగ్ దగ్గర ‘యూటీఎఫ్-8-సిగ్’ అని రాశాను, తెలుగు వచ్చింది. ఇది నాకు ప్రతిసారీ జరుగుతుంది, ప్రతిసారీ కొత్తగానే కంగారు పడతాను.

అసలు పనికి వచ్చాను. మన మగవాళ్ళ పేర్లు చివర్లో ఎలా ఉంటాయి? రావు, రాజు, నాయుడు, మూర్తి, స్వామి, లేకపోతే య్య. ముందు మావయ్య టైపు చేసిన గారులన్నీ తీసేయాలి, లేకపోతే గారు గారు అని రెండేసి వస్తాయి. తర్వాత ఈ తోకలు ఎక్కడ కనిపిస్తే అక్కడ ‘గారు’ తగిలించాలి. రెండంటే రెండు లైన్లు. రన్ కొట్టి, లాప్‌టాప్ గర్వంగా ఆయన వైపు తిప్పాను.

మావయ్య కళ్ళు నేరుగా తన పేటకే వెళ్ళాయి. "అక్కయ్య గారుపాలెం" అని చదివాడు. కిందకి వెళ్ళాడు. "నాయుడు గారుతోట." ఇంకా కిందకి. "రావు గారులపాలెం." పాడేరులో ఉన్న స్నేహితుడి అడ్రసు దగ్గర మాత్రం ఆగి తలూపాడు. "అల్లూరి సీతారామరాజు గారు జిల్లా. ఇది బాగుందిరా, ఇది ఉంచు."

అన్నిటికంటే మొదటి శుభలేఖ సింహాచలంలో అప్పన్న పాదాల దగ్గర పెట్టాలని ఆనవాయితీ. దాని లేబుల్ కూడా అదే ఫైల్లో ఉందని నేను చూసుకోలేదు. "శ్రీ వరాహలక్ష్మీ నరసింహ స్వామి గారు వారి సన్నిధికి" అని వచ్చింది. అత్తయ్య రెండు చెంపలూ వేసుకుని, నా చేత కూడా వేయించింది.

తప్పేంటో తెలుస్తూనే ఉంది. తోక పదం చివర ఉంటేనే గారు పెట్టాలి, ఊరి పేరు మధ్యలో ఉంటే పెట్టకూడదు. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లతో, అంటే రాతలో నమూనాలు వెతికే సూత్రాలతో, పని చేసేవాళ్ళకి దీని మందు నిద్రలో అడిగినా తెలుసు: బ్యాక్‌స్లాష్ బి. పదం అంచు ఎక్కడుందో అది చూపిస్తుంది. తోకల తర్వాత దాన్ని పెట్టి మళ్ళీ రన్ చేశాను. అక్కయ్యపాలెం మామూలు అక్కయ్యపాలెం అయింది. అప్పన్న అప్పన్నలాగే ఉన్నాడు. మావయ్య కాస్త నొచ్చుకున్నా అల్లూరి జిల్లా కూడా సర్దుకుంది. అక్షర క్రమంలో ఉన్న జాబితాలో మొదటి మూడు పేర్లు చూశాను. అచ్చయ్య గారు, అప్పయ్య గారు, అప్పలనరసయ్య గారు. బంగారం. నాలుగోది చూడలేదు. ఎందుకు చూడలేదు అని ఆ తర్వాత వారం రోజులు ఇంటిల్లిపాదీ అడిగారు, నా దగ్గర జవాబు లేదు, మూడు బాగుంటే నాలుగోది బాగుండదని ఎవరనుకుంటారు?

డాబాగార్డెన్స్‌లో స్టిక్కర్ షీట్ల మీద ప్రింట్ తీయించాను. అత్తయ్య, పిన్ని, పక్కింటావిడ కూర్చుని, మాటల్లో పడి, పేర్లు చదవకుండా అంటించేశారు. పసుపు రాసిన కార్డులు, పసుపు వేళ్ళు, పసుపు స్టిక్కర్లు. పైఊళ్ళవి ముందు వెళ్ళాలని మావయ్య ఆ సాయంత్రమే ఎనభై కార్డులు పోస్టులో వేసి వచ్చాడు.

రాత్రి ఎనిమిదింటికి అత్తయ్య ఊళ్ళో పంచే కట్ట విప్పి, ఒకటి దీపం దగ్గర పెట్టి చూసింది. "అప్పలనాయుడు. ఏరా, గారేదీ?" ఇంకోటి తీసింది. "అప్పారావు. గారేదీ?" అలా ఒక్కొక్కటీ కార్తీకమాసం దీపాల్లా వరసగా పెట్టుకుంటూ పోయింది. య్య ఉన్నవాళ్ళకి తప్ప ఒక్కరికీ గారు లేదు. మావయ్య స్వయంగా, శ్రద్ధగా, ఒంటివేలితో టైపు చేసిన గారులు కూడా లేవు, వాటిని ముందే పీకేశాను కదా. ఇంతలో పిన్ని ఒకటి పట్టుకొచ్చింది: "గోవిందరావు, నాయుడు గారుతోట."

మనిషికి లేదు, తోటకి ఉంది.

నాకు చెమటలు పట్టాయి, వైజాగ్ ఉక్కపోత వల్ల కాదు. లాప్‌టాప్ తీసి ‘రావు’ని ముక్కలు చేసి చూశాను. మన కంటికి అది రెండక్షరాలు. పైథాన్‌కి నాలుగు: ర, దీర్ఘం, వ, కొమ్ము. ఇక్కడే ఉంది కథంతా. పైథాన్‌లో ఈ వెతుకులాటకి మామూలుగా వాడే ‘ఆర్ఈ’ మాడ్యూల్, అంటే రెడీమేడ్ కోడ్ కట్ట, హల్లుల్ని అక్షరాలంటుంది, గుణింతం గుర్తుల్ని మాత్రం అక్షరాలుగా లెక్కపెట్టదు, కామాతో ఫుల్‌స్టాప్‌తో సమానంగా చూస్తుంది. అంచు అంటే దాని లెక్కలో అక్షరం, అక్షరం కానిది పక్కపక్కన ఉన్న చోటు. ‘రావు’ చివర కొమ్ము ఉంది, తర్వాత కామా ఉంది, రెండూ అక్షరాలు కావు, కాబట్టి అంచు లేదు, కాబట్టి గారు లేదు. అదే రావులపాలెంలో కొమ్ము తర్వాత ల వచ్చింది, ల అక్షరమే, ఆహా, అంచు దొరికింది, పెట్టు గారు! ‘య్య’కి చివర గుణింతం గుర్తు లేదు కాబట్టి అయ్యలందరూ బతికిపోయారు. నేను ఏది వద్దన్నానో సరిగ్గా అది చేసింది, ఏది కావాలన్నానో అది మానేసింది. ఇంత కచ్చితంగా తిరగేసి చెయ్యడం మనుషుల వల్ల కూడా కాదు.

పోనీ ఇది కొత్త సంగతా అంటే కాదు, పైథాన్ వాళ్ళ బగ్ ట్రాకర్లో 2011లోనే దీని మీద ఫిర్యాదు పడింది. విడిగా దొరికే ‘రెజెక్స్’ అనే మాడ్యూల్ వేసుకుంటే గుణింతాలు కూడా పదంలో భాగమే అవుతాయి. మా ఆఫీసులో పెర్ల్ అనే ఇంకో కంప్యూటర్ భాషకి భక్తుడు ఒకాయన ఉన్నాడు, అర్ధరాత్రి ఫోన్ చేస్తే పరమానందంగా నవ్వి, పెర్ల్‌లో ఈ గొడవే లేదన్నాడు. 1987లో దాన్ని రాసిన లారీ వాల్ చదువుకున్నది భాషాశాస్త్రం అని గుర్తుచేశాడు, ఆయనేదో తన మేనమామ అయినట్టు. నిజమే, అక్కడ గుర్తులు కూడా పదంలోకే వస్తాయి. కానీ పెళ్ళి వారం రోజుల్లో పెట్టుకుని పెర్ల్ గొప్పతనం వినే ఓపిక నాకు లేదు, ఫోన్ పెట్టేశాను.

మాడ్యూల్ మార్చి రన్ చేసి, మళ్ళీ గారు తగులుకున్న అప్పన్ననీ అల్లూరి జిల్లానీ చేత్తో సరిచేస్తే అన్నీ సరిగ్గా వచ్చాయి. ఈసారి 420 చదివాను. కానీ మావయ్య లాప్‌టాప్ వైపు చూడనైనా చూడలేదు. స్కెచ్ పెన్ను తెప్పించుకుని, కింద చాప మీద కూర్చుని, మిగిలిన కార్డులన్నిటికీ తన చేత్తో గారు, గారు, గారు అని తెల్లవారుజామున రెండు దాకా రాశాడు. నాకు అప్పగించిన పని పెన్ను మూత పట్టుకోవడం.

పోస్టులో వెళ్ళిన ఎనభైకి మాత్రం చేసేదేం లేదు. అందులో మావయ్య తోడల్లుడిది ఒకటి. ఆయనది రావులపాలెం, అరటి మార్కెట్టుకి పేరున్న ఊరు, పందిరికి కట్టే గెలలూ భోజనాల్లోకి పళ్ళూ అన్నీ తనే పంపుతానని నిశ్చితార్థం రోజే మాటిచ్చాడు. నాలుగో రోజు ఆయన ఫోన్ వచ్చింది. మావయ్య స్పీకర్లో పెట్టి, నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"శుభలేఖ అందిందండీ. ‘వెంకటేశ్వరరావు, రావు గారులపాలెం’ అని ఉంది."

"అదీ... మా మేనల్లుడు కంప్యూటర్లో..."

"అబ్బే, పర్లేదండీ, మా ఊరికి మర్యాద బాగానే ఇచ్చారు. గెలలు కూడా ఊరినే పంపమనండి."