తీర్థం పుచ్చుకున్న బండ్లు

అలిపిరిలో భక్తుల సంచులన్నీ స్కానింగ్ చేస్తారు. సిగరెట్ పెట్టె కనబడితేనే తీసి పక్కన పడేస్తారు, మందు సీసా సంగతి చెప్పనక్కర్లేదు. ఇంత కట్టుదిట్టంలోనూ రోజూ వేల బండ్లు కడుపులో ఆల్కహాల్ పెట్టుకుని దర్జాగా కొండెక్కుతున్నాయి. ఈ అపచారాన్ని ఇంతవరకూ ఎవరూ పట్టించుకోకపోవడం మిక్కిలి విచారకరం.

ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలే. నాటుసారాలో మత్తెక్కించేదీ ఇదే. (మనుషులు తాగకుండా ఇందులో ఏదో కలిపి చెడగొడతారు. బండికి ఆ పట్టింపు లేదు.) వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే డ్రైవరు మీద కేసు పెట్టమంటుంది మోటారు వాహనాల చట్టం. అదే కొలత ట్యాంకుకు పెడితే ఐదు వందల రెట్లకు పైనే తేలుతుంది. డ్రైవరు చుక్క ముట్టకుండా బండి మాత్రం ఫుల్లుగా ఉన్నప్పుడు కేసు ఎవరి మీద రాయాలో ఆ చట్టంలో లేదు.

అయితే మనం గర్వపడాల్సిన సంగతి కూడా ఒకటుంది. అమెరికాలో ఇండీకార్ రేసులు 2007లోనే దాదాపు అచ్చమైన ఇథనాల్‌కు మారాయి, 2023 నుంచి చెరకు వ్యర్థాల ఇథనాల్‌తో తయారైన ఇంధనం వాడుతున్నాయి. వాళ్ళను వదిలేద్దాం. నాస్కార్ రేసుల్లో 2011 నుంచి కలుపుతున్నది 15 శాతం. ఫార్ములా వన్ కార్లు 2022లో 10 శాతం దగ్గర మొదలుపెట్టి 2025 దాకా అక్కడే ఆగిపోయాయి. మన తిరుచానూరు రోడ్డులో రెండు కూరగాయల మూటలు, ఒక కోళ్ళ గంప వేసుకుని పోయే ఎక్సెల్ బండి ఆపాటికే 20 శాతం మీద నడుస్తోంది. ఈ ఘనతకు సన్మానం జరగలేదు సరికదా, ఆ బండాయన "పొద్దున స్టార్ట్ కాలేదు సామీ" అని విసుక్కుంటున్నాడు.

రేసు కారుకు ఇథనాల్ అచ్చొచ్చిన మాట నిజమే. ఆక్టేన్ ఎక్కువ, అంటే ఒత్తిడికి తొందరపడి ముందే మండిపోదు, కాబట్టి ఇంజన్‌లో కంప్రెషన్ బాగా పెంచినా కొట్టుకోదు. ఆవిరయ్యేటప్పుడు లోపలికొచ్చే గాలిని చల్లబరుస్తుంది, పవర్ పెరుగుతుంది. కానీ లీటరుకు లీటరు చూస్తే పెట్రోలు కంటే మూడో వంతు శక్తి తక్కువ. రేసులో దానికేమీ ఇబ్బంది లేదు. కారు పిట్‌లోకి రాగానే మనుషులు ఉరికొచ్చి క్షణాల్లో నింపి పంపేస్తారు, బిల్లు స్పాన్సరు కడతాడు. రేణిగుంట రోడ్డు బంకులో లైన్లో నిలబడేవాడికి ఆ స్పాన్సరు ఇంట్లోనే ఉండాలి.

అందులోనూ మనకున్న ట్రాక్ ఘాట్ రోడ్డు. పైకి 28 నిమిషాల కంటే ముందు చేరినా, కిందికి 40 నిమిషాల కంటే ముందు దిగినా జరిమానా. ముందొచ్చినవాడికి శిక్ష పడే రేసు ఇంకెక్కడైనా ఉందేమో రేసు పెద్దలే చెప్పాలి. ఆక్టేన్ ఇచ్చే వేగం ఇక్కడ నేరం. మైలేజీ తగ్గడం మాత్రం పూర్తిగా చట్టబద్ధం.

ఎంత తగ్గుతుందంటారా? పాత ప్రమాణాలతో చేసిన కార్లకు 6, 7 శాతం తగ్గొచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. ఆ నష్టానికి వినియోగదారులకు పన్నులో ఊరట ఇచ్చే సంగతి చూడమనీ అంది. ఆ తర్వాత ఇథనాల్ సేకరణ ధర సగటున లీటరు 71 రూపాయలు దాటి, శుద్ధి చేసిన పెట్రోలు కంటే ఎక్కువైపోయిందని 2025లో ప్రభుత్వమే వివరించింది. అంటే ఇథనాల్ చౌకగా ఉన్నన్నాళ్ళూ మనకు ధర తగ్గించనివాళ్ళు ఇప్పుడు పెంచకుండా కాపాడుతున్నారన్నమాట. ఇథనాల్ లేని పెట్రోలు కూడా అమ్మమని వేసిన పిటిషన్‌ను 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. కాబట్టి తీర్థం అందరికీ తప్పనిసరి.

ఇక వానాకాలం. ఇథనాల్‌కు నీళ్ళంటే మహా ప్రీతి. ట్యాంకులో తగినన్ని నీళ్ళు చేరాయంటే పెట్రోలును వదిలేసి వాటితో కలిసి అడుగుకు దిగిపోతుంది. మందుకు ఆమాత్రం నీళ్ళు కావాలి కదా అని మా పక్కింటాయన సమర్థిస్తాడు, ఆయన అనుభవం ఆయనది.

నీళ్ళంటే గుర్తొచ్చింది. చెరకు నుంచి ఒక లీటరు ఇథనాల్ రావాలంటే 2,860 లీటర్ల నీళ్ళు కావాలని అదే నీతి ఆయోగ్ నివేదికలో ఉంది. వెయ్యి అడుగుల బోరు వేసి దేవుడికి దండం పెట్టుకునే చిత్తూరు రైతు ఈ అంకె చదవకపోవడమే ఆరోగ్యం. ఆయనకు ఆ బాధ తప్పించడానికే కాబోలు, చిత్తూరు సహకార చక్కెర ఫ్యాక్టరీ, గాజులమండ్యం ఫ్యాక్టరీ రెండూ ఏనాడో మూతపడ్డాయి. అన్నదాత ఇంధనదాత అవుతాడని ఢిల్లీలో ఉపన్యాసాలు వినిపిస్తాయి. ఇక్కడ మాత్రం నల్లబెల్లం మూట బండిలో కనిపిస్తే నాటుసారాకేనా అని ఆరా తీస్తారు. చెరకు రసం పులిస్తే నేరమో దేశసేవో పులిసిన చోటును బట్టి ఉంటుంది.

చెరకు పోయి మామిడి వచ్చింది కాబట్టి మా సవినయ సూచన ఏమిటంటే, తోతాపురితో ఇథనాల్ తీయండి. 2025లో ధర పడిపోయి కిలోకు 4 రూపాయలు ప్రభుత్వమే కలిపి ఇవ్వాల్సొచ్చింది. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరి, కాయలు వాటిలోనే మాగిపోయాయి. పులియబెట్టే ఖర్చు కూడా లేదు, ఆ పని ఎండే చేసిపెడుతుంది. గేటు తీసేదాకా ఆగితే చాలు.

ఆ ట్రాక్టర్లయినా డీజిల్‌వి కాబట్టి నిష్ఠగా ఉన్నాయని సంతోషించాం. డీజిల్లో ఇథనాల్ సరిగ్గా కలవదు. అందుకని దాంట్లో ఐసోబ్యుటనాల్ కలిపి పరీక్షిస్తున్నారట. అదీ ఆల్కహాలే.