కోతకు మిషను, ఆరబోతకు రోడ్డు

కోనసీమలోనైనా, భీమవరం చుట్టుపక్కలనైనా వరి కోతల్లో కొడవలి కనబడటం ఇవాళ అరుదు. గాలికి పడిపోయిన చేలోనో, మిషను దిగబడే పల్లంలోనో తప్ప దాని అవసరమే రావడం లేదు. నాట్లు మాత్రం, వెదజల్లుకునేవాళ్లు పోగా, చాలాచోట్ల ఇంకా కూలీల చేతుల మీదే సాగుతున్నాయి.

రైతు పాత పద్ధతి వదలడనే మాట తేలిగ్గా అనేస్తారు. కోత మిషను కోసం పోటీలు పడింది ఈ రైతే కదా! తేడా ఆ యంత్రాలు అడిగే సరంజామాలో ఉంది. కోత మిషను గంటల లెక్కన అద్దెకొచ్చి, చేను ఎలా ఉంటే అలాగే కోసి వెళ్లిపోతుంది. నాటు మిషనుకు నారు ట్రేల్లో చాపలా పెంచాలి, చేను చదునుగా ఉండాలి, నీరు పలుచగా నిలవాలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, కాలవలొచ్చాయి. అయినా ఎన్నోచోట్ల నీరు ఇప్పటికీ చేను మీదుగా చేలోకే దిగుతోంది. పై రైతు గట్టు తెంచితే కింది మడిలో నీరు ఎంత నిలవాలో కింది రైతు చేతిలో ఉండదు. అతను కౌలుదారైతే మరీను. వచ్చే ఏడు ఆ చేను తనకే దక్కుతుందన్న నమ్మకం లేనివాడు చదునుకు డబ్బెందుకు పోస్తాడు?

గోదావరి దాటించే పంటు సంగతీ అంతే. ఎదుర్లంక, యానాం మధ్య వంతెన పడ్డాక దాని అవసరం తీరింది. నరసాపురం నుంచి సఖినేటిపల్లికి వెళ్లేవాళ్లు మాత్రం పంటునే నమ్ముకున్నారు. కొబ్బరి దింపుకైతే చెట్టెక్కే మనిషికి సాటొచ్చే యంత్రమే ఇంకా రాలేదు.

మమ్మల్ని ఎక్కువ కలవరపెడుతున్నది తొందరగా వచ్చిన యంత్రమే. కొడవలి రోజుల్లో పనలు చేలోనే ఆరేవి, కుప్పేసి తీరిగ్గా నూర్చేవారు. ఇప్పుడు పచ్చి ధాన్యం గంటల్లో గట్టు మీదికొస్తోంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం మించకూడదు. కళ్లాలు పోయాయి, డ్రయర్లు ఊరూరా రాలేదు. అందుకే ధాన్యం తారురోడ్డెక్కుతోంది, మబ్బు పట్టినప్పుడల్లా బరకాల కోసం పరుగులు తప్పడం లేదు. ఆ అవస్థలోనే రైతు వచ్చిన ధరకు అమ్ముకుంటున్నాడు.

యంత్రాల కొనుగోలుకు ఇచ్చే రాయితీలో కొంత సిమెంటు కళ్లాలకు, చేలకు నీరందించే బోదెల బాగుకు మళ్లించాలి. డ్రయర్‌ను కూడా కోత మిషనులాగే అద్దెకు దొరికేలా చూడాలి. సార్వా (ఖరీఫ్) కోతలు తుపాన్ల కాలంలోనే పడతాయి కనుక, ఈ ఏర్పాట్లు అక్టోబరులోపే జరగాలి.