శ్రీశైలానికి ఉగాదికే నడుద్దాం

మొన్న మన ప్రవాస తెలుగు సంఘం ఉగాది సభలో పంచాంగ శ్రవణం ముగిశాక తెర మీద ఒక పటం వేశారు. కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర మొదలై, నందికొట్కూరు, ఆత్మకూరు మీదుగా నల్లమలలో దూరి శ్రీశైలం చేరే ఎర్రగీత. డిసెంబరు సెలవుల్లో పిల్లాపాపలతో పాదయాత్ర అన్నారు. కర్నూలు బిడ్డగా నాకు ప్రాణం లేచి వచ్చింది. తర్వాత వివరాలు చెప్పారు. అందరికీ ఒకే రంగు చొక్కాలు, వెనకాలే ఏసీ బస్సు, మనకు మాత్రమే వండే వంటవాళ్లు, ప్రతి రాత్రీ బస్సెక్కి కర్నూలు హోటలుకు తిరుగు ప్రయాణం. ఒక పెద్దాయన లేచి, "నడిచేది ఉగాదికి కదండీ, కన్నడ భక్తులతో పాటు?" అని అడిగారు. "ఆ గుంపులో మన పిల్లలను ఎలా కలుపుతామండీ? రోడ్డు పక్కనే తిండి, రోడ్డు పక్కనే పడక. మనది ఒక పద్ధతిగా ఉండాలి" అని వేదిక మీద నుంచి సమాధానం వచ్చింది. చాలామంది తలలూపారు. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది.

ఆ గుంపు మా ఇంటి ముందు నుంచే పోయేది. మా ఇల్లు నందికొట్కూరు రోడ్డు మీద ఉండేది. ఉగాది వారం రోజులు ఉందనగా తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే, గజ్జెల చప్పుడు, "మల్లయ్యా" అనే కేక వినిపించేవి. బాగల్‌కోట, బీజాపూరు, రాయచూరు వైపు పల్లెల నుంచి బయలుదేరి, ఎమ్మిగనూరు మీదుగా కర్నూలు దాటి వచ్చేవాళ్లు. మా నాయన వేపచెట్టు కింద ఇసుక పోసి, కుండలు పెట్టి, వాటికి తడి గోనెలు చుట్టి చలివేంద్రం నడిపేవాడు. మా అవ్వకు చదువు రాదు కానీ ఉత్తర కర్ణాటక కన్నడం బాగా వచ్చు. "బర్రి, కూడ్రి" అంటూ అరుగు మీద కూర్చోబెట్టి పొద్దునైతే ఉగ్గాణి, మధ్యాహ్నమైతే మజ్జిగ ఇచ్చేది.

ఒక ముసలాయన ఏటా వచ్చేవాడు. తెల్ల పంచె, నుదుట మూడు విభూతి రేఖలు, మెడలో లింగకాయ. చెప్పులు ఉండేవి కావు. అవ్వ గోరువెచ్చని నీళ్లలో ఉప్పు, పసుపు వేసి ఆయన కాళ్లు అందులో పెట్టించేది. మడమ పగుళ్లలో రోడ్డు తారు నల్లగా ఇరుక్కుపోయి ఉండేది. దాన్ని గుడ్డపీలికతో తీసి, ఆముదం రాసి, అరటాకు ముక్క పెట్టి కట్టేది. ఆయన మాత్రం తన సంచి విప్పి, ఎండిన జొన్నరొట్టెలు తీసి మా పిల్లలకు పంచేవాడు. పట్టుకుంటే పెళపెళ విరిగే రొట్టె, పైన వేరుశనగ పొడి. ఆ సంచిలోనే పాత తుండుగుడ్డలో చుట్టి ఒక కొత్త చీర, పసుపు, కుంకుమ, డజను గాజులు ఉండేవి. అవి భ్రమరాంబకు. అమ్మవారు తమ ఇంటి ఆడపడుచని, మల్లికార్జునుడు తమ అల్లుడని వాళ్ల నమ్మకం. ఏడాదికొకసారి బిడ్డకు సారె పెట్టడానికి అన్ని రోజుల దారి నడిచి వచ్చేవాళ్లను పట్టుకుని పద్ధతి తెలియని గుంపు అంటే నేను ఒప్పుకోలేను.

వాళ్ల ఏర్పాట్లు చూసినవాళ్లెవరూ ఆ మాట అనరు. ఉగాది నుంచి వెనక్కి లెక్క పెట్టుకుని ఊరి నుంచి కదిలే రోజు నిర్ణయిస్తారు. ఒక పల్లెవాళ్లంతా ఒక జట్టు. ముందు నడిచే పెద్దకు దారిలో ప్రతి బావి, ప్రతి మఠం, ప్రతి అన్నదాన పందిరి తెలుసు. మార్చి చివరికి కర్నూలులో ఎండ 40 డిగ్రీల అంచున ఉంటుంది. అందుకే తెల్లవారుజామున రెండు మూడు గంటలకే లేచి నడక మొదలుపెట్టి, పది గంటలకల్లా నీడ పట్టుకుంటారు. మళ్లీ సాయంత్రం నడక. మూటలు బండి మీదో ట్రాక్టరు మీదో వస్తాయి. బొబ్బలెక్కినవాళ్లను, జ్వరం తగిలినవాళ్లను కూడా అందులోనే ఎక్కిస్తారు. ఆత్మకూరు దాటి వెంకటాపురం దగ్గర అడవిలో అడుగుపెట్టాక రెండు రోజుల దారి. నాగలూటి వీరభద్రుడు, ఆ తర్వాత పెద్దచెరువు (మా వాళ్ల నోట పెచ్చెరువు), మఠంబావి, భీముని కొలను, చివరికి మోకాళ్లు వణికించే కైలాసద్వారం మెట్లు. 1830లో కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య శ్రీశైలం వెళ్లింది కూడా ఈ ఆత్మకూరు, నాగలూటి, పెద్దచెరువు దారినే.

ఇక డిసెంబరు సంగతి. ఆ అడవి నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. అటవీశాఖ కాలిబాటను యాత్రికులకు తెరిచేది శివరాత్రికీ ఉగాదికీ, ఆ కొద్ది రోజులు మాత్రమే. తెరపై చూపించిన ఎర్రగీతలో వెంకటాపురం తర్వాతి భాగం డిసెంబరులో మనకు అందదు. దోర్నాల మీదుగా ఘాట్ రోడ్డులో లారీల పక్కన నడవాలి. ఒకవేళ ఎవరినో పట్టుకుని ప్రత్యేక అనుమతి తెచ్చుకున్నా, అప్పుడు ఆ దారిలో పందిరి ఉండదు, భజన ఉండదు, నీళ్లిచ్చే చెయ్యి ఉండదు. పిల్లలకు చూపించాలనుకున్నది వీటినే కదా?

మన సంఘంలో కొందరు స్పెయిన్‌లో శాంతియాగో అనే క్రైస్తవ క్షేత్రానికి పాదయాత్ర చేశారు. ఫ్రాన్సు సరిహద్దు నుంచి దాదాపు 780 కిలోమీటర్లు. చివరి 100 కిలోమీటర్లు నడిచినా ధ్రువపత్రం ఇస్తారు. ఆ యాత్ర గురించి వాళ్లు చెప్పింది నేను శ్రద్ధగా విన్నాను. ముక్కూ మొహం తెలియనివాళ్ల మధ్య సత్రంలో అంతస్తుల మంచాల మీద పడుకోవడం, ఒకే బల్ల దగ్గర తినడం, ఒకరి బొబ్బలకు ఒకరు మందు రాయడం, ఇవే జీవితంలో మరిచిపోలేనివని కళ్లు చెమర్చి చెప్పారు. నేను మనసారా నమ్మాను. అక్కడ అంత గొప్పగా తోచిన సహవాసం కర్నూలు రోడ్డు మీదికి వచ్చేసరికి ఎందుకు చిన్నతనమైపోయింది?

పిల్లల తల్లిదండ్రుల భయం అర్థం లేనిదని నేను అనను. ఎండదెబ్బ ప్రాణాల మీదికి తెస్తుంది. దారిలో ఆడవాళ్లకు మరుగుదొడ్ల ఇబ్బంది ఉంది. అడవిలో నీళ్ల ప్యాకెట్లు, విస్తళ్లు ఎక్కడపడితే అక్కడ పారేస్తారు, అది తప్పే. పులులు తిరిగే చోట, చెంచుగూడేల పక్కన మనం చెత్త పోయడం క్షమించరాని పని. ఉగాది బడి సెలవులతో కుదరదన్నదీ నిజమే. 2027లో ఏప్రిల్ 7న వస్తోంది. ఒక్కో రాష్ట్రంలో బడులకు ఒక్కోలా సెలవులు. కానీ మేనమామ పెళ్లికి బడి మాన్పించి పది రోజులు తీసుకువెళ్లని ఇల్లు మనలో ఎన్ని ఉన్నాయి?

అందుకే కార్యవర్గానికి నా మనవి. తీర్మానం ఇంకా ఖాయం కాలేదు కాబట్టి డిసెంబరు మాట కొట్టేయండి. ఉగాదికి వెళ్దాం. పదిహేను మందికి మించవద్దు. చొక్కాలూ బ్యానర్లూ వద్దు. మూటలకు ఒక బండి, వెంట ఒక డాక్టరు చాలు. మన సంఘంలో డాక్టర్లకు కొదవ లేదు. నాలుగు నెలల ముందు నుంచే ప్రతి శనివారం పిల్లలతో పొద్దున్నే నడక అలవాటు చేయిద్దాం. కర్నూలు నుంచి మొత్తం నడవలేనివాళ్లు వెంకటాపురం వరకు బండిలో వచ్చి అక్కడ కలవవచ్చు. పందిళ్లలో పెట్టింది తిందాం. హోటలుకు తిరిగి రావద్దు.

ఏసీ బస్సుకు, హోటలుకు వేసిన ఖర్చును ఆ దారికే పెడదాం. నందికొట్కూరు, ఆత్మకూరు మధ్య ఏటా పందిళ్లు వేసే ఊరివాళ్లు ఉన్నారు. వాళ్లను అడిగి ఆడవాళ్లకు తాత్కాలిక మరుగుదొడ్లు, స్నానానికి తడికెల గదులు, స్టీలు గ్లాసులు, చెత్త తిరిగి తెచ్చే మనుషులకు కూలి, వీటికి డబ్బు ఇద్దాం. మన పేరు ఎక్కడా రాయించుకోవద్దు. ఆ ఊళ్లతో మాట్లాడే పని నాకు అప్పగించండి. మా నాయన తర్వాత చలివేంద్రం నడుపుతున్న మా చిన్నాన్న కొడుకు ఇప్పటికీ ఆ రోడ్డు మీదే ఉన్నాడు. జట్లు ఏ రోజు కర్నూలు దాటుతాయో జనవరికల్లా అడిగి చెప్పగలను.